నీలాలకు బంగారు పూత

పెళ్లిళ్ల సీజనొస్తే నంద్యాల బ్యూటీపార్లర్లకు ఊపిరాడదు. పొద్దున తొమ్మిదికి లేచిన షట్టరు రాత్రి పదికి గానీ దిగదు. అలాంటి ఓ శనివారం. చిన్న పార్లరు. మూడు కుర్చీలు, గోడ నిండా అద్దాలు. ఓ మూల వినాయకుడి పటం. దాని పక్కనే పోస్టర్లో బంగారు జుట్టు విదేశీ సుందరి!

కుర్చీలో కూర్చున్న అమ్మాయికి పది రోజుల్లో పెళ్లి. రిసెప్షన్‌కు జడ వద్దట. జుట్టు విరబోసుకోవాలి, నడుము దాకా ఉండాలి, మధ్యమధ్యలో బంగారు చారలు మెరవాలి. సెల్‌ఫోన్లో ఫొటో కూడా చూపించింది. పార్లరు నడిపే ఆవిడ తలూపి, బీరువాలోంచి ఓ ప్యాకెట్ తీసింది. పాలిథిన్ కవర్లో పట్టుకుచ్చులా లేత పసుపు రంగు జుట్టు. కవరు మీద ఓ అంకె... 613.

విగ్గుల వ్యాపారంలో ఆ అంకెకు ప్రపంచంలో ఎక్కడికెళ్లినా ఒకటే అర్థం. రంగు తీసేసిన బంగారు జుట్టు. మన జుట్టుకూ ఓ నంబరుంది. ఇంచుమించు నలుపు... 1బి!

"ఇది నిజం జుట్టేనా అక్కా?" అడిగింది పెళ్లికూతురు.

"నిజమైందేమ్మా."

"అంటే... ఎవురో దొరసానిదా?"

ఆవిడ పకపకా నవ్వింది. "దొరసాని అమ్ముకుంటాదామ్మా? ఎవురో మన్లాంటోళ్లదే అయ్యుంటాది. రంగు తీసేసినారు. అంతే!"

ఆవిడ మాటలో అతిశయోక్తి లేదు. నల్లజుట్టును బంగారు జుట్టు చేయడమంటే దానికి బంగారు రంగు వేయడం కాదు. ఉన్న రంగును లాగేయడం. బ్లీచ్ పౌడర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన డెవలపర్ పోసి, దోసెపిండిలా కలిపి, జుట్టుకు పట్టించి ఫాయిల్ చుడతారు. ఆ పెరాక్సైడ్ వెంట్రుక పొలుసుల్లోంచి లోపలికెళ్లి, నలుపునిచ్చే మెలనిన్‌ను విరగ్గొడుతుంది. మన జుట్టు అంత తేలిగ్గా లొంగదు. మొదట ఎరుపు. తర్వాత రాగి రంగు. తర్వాత నారింజ. ఆ తర్వాత గానీ పసుపు రాదు. చివరికి అరటిపండు తొక్క లోపలి రంగు వచ్చాక, ఆ పచ్చదనాన్ని చంపడానికి వంగపండు రంగు టోనరు వేస్తారు. అప్పటికి వెంట్రుక సగం చచ్చి ఉంటుంది. తడిపి లాగితే రబ్బరులా సాగుతుంది!

ఇరవై ఏళ్లుగా ఆవిడ పని ఇదే. ఎంతమంది తలలకు ఆ పిండి పూసిందో లెక్కలేదు. కానీ ఆ వారం ఆవిడ ముందున్న తల వేరు. సొంత కూతురిది.

మొక్కుబడి ఉన్న జుట్టు

కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఏడాదైంది. నడుము దిగిన జుట్టు. దువ్వెన పెడితే జారిపోయేంత నునుపు. ఆఫీసులో స్నేహితురాళ్లంతా ఏదో ఒక రంగు వేయించుకున్నారు. తనకు బంగారు రంగు కావాలి. చారలు కాదు, తల మొత్తం! హైదరాబాద్‌లో అడిగితే వేలల్లో చెప్పారు. "మా అమ్మే వేస్తుంది" అని ఊరికొచ్చేసింది.

ఆ సంగతి అరగంటలో ఆళ్లగడ్డకు తెలిసిపోయింది. ఎవరు చెప్పారో తెలీదు. అవ్వ ఫోన్ చేసింది.

"ఏం పాపా, మొక్కు తీర్సకుండానే రంగేసుకుంటావంటనే?"

అదీ చిక్కు. ఆ జుట్టు మీద అహోబిలం నరసింహస్వామికి మొక్కుబడి ఉంది. పుట్టెంట్రుకలు ఎప్పుడో తీయించారు. ఇది వేరే మొక్కు. ఆ పిల్ల మూడేళ్లప్పుడు అవ్వ మొక్కుకున్నది. జుట్టు నడుము దాకా పెరిగినాక ఇస్తానంది. పెరిగింది. అప్పటికి పిల్ల ఆరో తరగతి. బళ్లో ఏడిపిస్తారని ఏడ్చింది. తర్వాత పదో తరగతి పరీక్షలు. తర్వాత ఇంట్లో తాత పోవడంతో ఏడాది మైల. 2020లో కొవిడ్, గుడి తలుపులే మూసేశారు. తర్వాత క్యాంపస్ ఇంటర్వ్యూలు. గుండుతో ఎట్లా పోవాలి? అట్లా అట్లా ఏళ్లు గడిచిపోయాయి.

"అవ్వా, దేవుడు నా జుట్టేం చేసుకుంటాడు చెప్పు? గుడోళ్లు వేలంలో అమ్మేస్తారు. కొన్నోడు రంగు తీసి విదేశాలకు పంపిస్తాడు. అక్కడ ఎవరో బంగారు జుట్టని పెట్టుకుంటారు. ఎట్లా తిరిగీ బంగారమే కదా కావాల్సింది? ఆ పనేదో నా తల మీదున్నప్పుడే చేసుకుంటే తప్పా?"

అవతల కాసేపు మాట లేదు. "అమ్ముకుంటే అమ్ముకోనీలే. నువ్విచ్చేది సామికి. సామి ఎవురికిచ్చుకుంటే నీకేమి?" అని ఫోన్ పెట్టేసింది అవ్వ.

ఈ కాలం పిల్ల వాదనకు తిరుగు లేదనిపిస్తుంది. నిజానికి అవ్వ మాటకూ తిరుగు లేదు.

జడ చేసే ప్రయాణం

తలనీలాలు! మనవాళ్లు వాడే మాటలోనే రంగుంది. నీలమంటే నలుపు తిరిగిన రంగు. శ్రీనివాసుడి తల మీద దెబ్బ తగిలి కొంత మేర జుట్టు పోతే, నీలాదేవి తన కురులు కోసి అక్కడ అతికించిందని తిరుమల కథ. అందుకే అది నీలాద్రి, అందుకే ఇవి తలనీలాలు అంటారు. ఓ రకంగా చూస్తే మనకు తెలిసిన తొలి సవరం స్వామికే అమరిందన్నమాట!

తిరుమల కల్యాణకట్టలో రాలిన జుట్టును పొడవును బట్టి వేరు చేస్తారు. అన్నిటికన్నా పొడుగైంది మొదటి రకం. తెల్లజుట్టుకు మళ్లీ వేరే లెక్క. 2011 నుంచి ఆన్‌లైన్లో వేలం వేస్తున్నారు. ఏటా కోట్లలో ఆదాయం. చిన్న గుళ్లలో పాటదారులుంటారు.

గుడి జుట్టుకు అంత ధర ఎందుకంటే... ముడి వేసి, ఒక్కసారిగా తీస్తారు. కుదుళ్లన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు ఉంటాయి. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. అన్నీ ఒకే దిక్కుకు ఉంటే చిక్కు పడదు. వ్యాపారులు దీన్ని రెమీ అంటారు. పైగా మన ఆడవాళ్లు రంగులెరుగని జుట్టిస్తారు. కొబ్బరినూనె, కుంకుడుకాయ తప్ప మరొకటి తగలని జుట్టు విదేశీ వ్యాపారికి మేలిమి సరుకు.

ఇక రెండో రకం. దువ్వుకున్నాక ఊడిన చిక్కు. ఉండ చుట్టి గోడ సందులో దోపడం మన పల్లెల్లో ఎవరికి తెలీదు! నెలకో రెండు నెలలకో స్టీలు సామాన్లాయన సైకిలు మీద వస్తాడు. చారెడు వెంట్రుకలకు చిన్న గిన్నె. అవీ పోగై, చిక్కు విడదీసే వాళ్ల చేతుల్లో పడతాయి. అందులో కుదుళ్లూ కొసలూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి యాసిడ్‌లో ముంచి పొలుసులు తీసేసి, మెరుపు కోసం సిలికాన్ పూస్తారు. మన రాష్ట్రంలో ఏలూరు, తమిళనాడులో చెన్నై, కర్ణాటకలో కొప్పళ... ఈ వ్యాపారానికి పేరున్న ఊళ్లు. అక్కడి నుంచి చైనాకు, యూరప్‌కు, అమెరికాకు. ముడి జుట్టు దొంగదారిన సరిహద్దులు దాటుతోందని 2022 జనవరిలో కేంద్రం ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. వెంట్రుకలకూ స్మగ్లర్లున్నారు మరి!

రంగు తీయడం అసలు విద్య. చౌక సరుకైతే గంటల్లో కానిచ్చేస్తారు. ఖరీదైన కంపెనీలు పలచటి ద్రావణంలో రోజుల తరబడి నానబెట్టి, వెంట్రుక చావకుండా నలుపును మాత్రం తీస్తాయి. ఆ తర్వాత ఏ రంగు కావాలంటే ఆ రంగు. బ్రిటన్‌కు చెందిన మానవశాస్త్రవేత్త ఎమ్మా టార్లో ఈ దారంతా వెంబడించి 2016లో 'ఎంటాంగిల్‌మెంట్' అనే పుస్తకమే రాశారు. అమెరికన్ హాస్యనటుడు క్రిస్ రాక్ అయితే 2009లో తీసిన 'గుడ్ హెయిర్' డాక్యుమెంటరీ కోసం ఏకంగా తిరుమల వచ్చాడు.

అవ్వా మనవరాళ్ల తగవు అంతకుముందే ఓసారి ప్రపంచస్థాయిలో జరిగింది. సనాతన యూదు కుటుంబాల్లో పెళ్లయిన స్త్రీలు సొంత జుట్టు పరులకు కనిపించనీయరు. చాలామంది విగ్గు పెట్టుకుంటారు. 2004లో ఆ విగ్గుల్లో తిరుమల జుట్టుందని గొడవ మొదలైంది. అది విగ్రహానికి అర్పించిన వస్తువా? లేక భక్తులు ఊరికే తీసేసుకున్నదా? దేవుడికి అర్పించిందే అయితే తాము తాకరాదు. జెరూసలేంలోని రబ్బీ ఎల్యాషివ్ తాకరాదనే తేల్చారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో వేల డాలర్ల విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. నలుపువీ, గోధుమరంగువీ, బంగారు రంగువీ... అన్నీ!

"నువ్విచ్చేది సామికి" అన్న అవ్వకు ఈ కథ తెలీదు. తెలిస్తే, ఆ రబ్బీ తన మాటే అన్నాడని సంతోషించేది.

ఎందుకింత మోజు?

పసుపు జుట్టు పిచ్చి ఇవాళ్టిది కాదు. రెండువేల ఏళ్ల కిందట రోమ్‌లోనూ ఉంది. రంగులు పూసీ పూసీ జుట్టంతా ఊడగొట్టుకున్న ప్రియురాలిని కవి ఓవిడ్ దెప్పిపొడిచాడు. ఇక ఓడిపోయిన జర్మన్ల జుట్టు పెట్టుకోవాల్సిందే అన్నాడు! ఎదుటివాళ్ల తల మీది జుట్టు గెలిచినవాళ్ల తల మీదికి చేరడం అప్పటి నుంచీ ఉంది. కాకపోతే అప్పుడు పచ్చగా పుట్టిన జుట్టే పోయింది. ఇప్పుడు నల్లగా పుట్టింది పచ్చగా మారి పోతోంది.

16వ శతాబ్దం వెనిస్‌లో ఆడవాళ్లు మిద్దె మీద ఎండలో గంటల తరబడి కూర్చునేవారు. నెత్తిన నడిమి భాగం లేని టోపీ. ముఖానికి నీడ, జుట్టుకు ఎండ! మందు పూసిన జుట్టును ఆ ఎండలో ఆరబెట్టి పసుపు చేసుకునేవారు. మన ఎండల్లో ఆ పని చేస్తే జుట్టు సంగతి దేవుడెరుగు, మనిషి మిగలదు.

1818లో ఫ్రెంచి శాస్త్రవేత్త తెనార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ కనిపెట్టడంతో ఎండ అవసరం తీరిపోయింది. ఆ శతాబ్దం ముగిసేలోగానే అది జుట్టు మీదికీ ఎక్కింది. 1931లో 'ప్లాటినమ్ బ్లాండ్' సినిమాతో జీన్ హార్లో అమెరికాను ఊపేసింది. ఆ తెల్లటి పసుపు కోసం తల మీద పోసుకున్న మందులకు జుట్టు పాడై, చివరికి ఆవిడే విగ్గు పెట్టుకోవాల్సొచ్చింది. మార్లిన్ మన్రో? ఆమె అసలు పేరు నార్మా జీన్, అసలు జుట్టు గోధుమ రంగు. 1962లో ఆమె చనిపోయాక చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఆమె ఫొటో ఒకదాన్ని తీసుకుని, ఒకే బొమ్మను 50 సార్లు అచ్చేశాడు. సగం రంగుల్లో, సగం నలుపు తెలుపుల్లో. రంగుల్లో జుట్టు నిమ్మపసుపు ముద్ద. టోపీ పెట్టినట్టు, తలకు అంటీ అంటనట్టు ఉంటుంది. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, పైన పెట్టిందేనని ఆ బొమ్మ దాచదు. ఆయనే వేసిన మరో మార్లిన్ బొమ్మ 2022లో 19 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అక్కడా అదే పసుపు జుట్టు!

ఈ నమూనా మన ఇళ్లలోకి ముందు బొమ్మగా వచ్చింది. 1959లో పుట్టిన బార్బీ అన్ని దేశాలూ తిరిగి మన సంతల్లో నకలు రూపంలోనూ చేరింది. ఆ పిల్లకూ చిన్నప్పుడు అలాంటి బొమ్మే ఉండేది. ఆళ్లగడ్డ తిరునాళ్లలో మామ కొనిచ్చాడు. దాని పసుపు జుట్టుకు అవ్వ రోజూ కొబ్బరినూనె రాసేది. నల్లబడుతుందేమోనని!

మొక్కజొన్న పీచు

ఇది నవ్వుకోవాల్సిన మాటే. కానీ అవ్వకు నవ్వులాట కాదు.

మన దగ్గర రాగి రంగు జుట్టు ఎప్పుడూ అందం కాదు. "దాని నెత్తి చూడు, మొక్కజొన్న పీచు" అంటే తిట్టే. మనుస్మృతి మూడో అధ్యాయంలో పెళ్లాడకూడని పిల్లల జాబితా ఉంది. అందులో 'కపిల' పిల్ల ఒకతె. జుట్టు రాగి రంగులో ఉన్నదని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. అదే రుగ్వేదంలో అగ్నిదేవుణ్ని హిరణ్యకేశుడని పొగిడారు. దేవుడికైతే శోభ, ఆడపిల్లకైతే లోపం!

శాస్త్రాల మాట అటుంచితే, పల్లెల్లో ఆ భయానికి పక్కా కారణం ఉంది. ఆకలి. తిండిలో మాంసకృత్తులు చాలకపోతే పిల్లల జుట్టు పలచబడి, ఎర్రబడుతుంది. కాళ్లకు నీరు వస్తుంది. 1930ల్లో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో... అంటే ఇప్పటి ఘనాలో... పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు ఈ జబ్బుకు అక్కడివాళ్లు పిలిచే పేరే పెట్టింది. క్వాషియార్కర్. కొన్నాళ్లు తిండి దొరికి, కొన్నాళ్లు దొరక్కపోతే జుట్టు మీద నలుపూ ఎరుపూ పట్టెలు పడతాయి. డాక్టర్లు దాన్ని జెండా గుర్తు అంటారు. ఏ నెలలో ఇంట్లో పొయ్యి వెలగలేదో వెంట్రుక చెప్పేస్తుందన్నమాట.

2003. రాయలసీమలో వరసగా కరువు. అల్లుడు లారీ మీద. కూతురు హైదరాబాద్‌లో ఆరునెలల బ్యూటీషియన్ కోర్సులో. మూడేళ్ల మనవరాలు ఆళ్లగడ్డలో అవ్వ దగ్గర. పిల్లకు తట్టు వచ్చింది. అవ్వకు తెలిసిన వైద్యం పథ్యం. పాలు వద్దు, గుడ్డు వద్దు, పప్పు వద్దు. వట్టి గంజి. తట్టు తగ్గి విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ గంజే. పిల్ల అరికాళ్లు ఉబ్బాయి. నవ్వడం మానేసింది. నల్లగా ఉండే జుట్టు రాగి తీగలై, పట్టుకుంటే చేతికి వచ్చేసేది. నంద్యాల ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు కోప్పడింది. "రోగం కాదమ్మా, తిండి లేక" అంది. గోధుమలు, శనగలు, వేరుశనగలు వేయించి, బెల్లం కలిపి పొడి కొట్టి పెట్టమంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇలాంటి పిల్లల కోసం రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్'లో ఉండేవి అవే సరుకులు.

తల్లి వచ్చేసరికి పిల్ల మంచంలో ఉంది. తాను అక్కడ ఎవరెవరి జుట్టుకో రంగులు నేర్చుకుంటుంటే, ఇక్కడ కూతురి జుట్టు రంగు పోయింది. అవ్వ ఎవరి మొహమూ చూడలేదు. అప్పుడు మొక్కుకుంది. జుట్టు నల్లబడితే, ఆ నల్లజుట్టంతా నీకేనయ్యా అని.

పొడి పనిచేసిందా, మొక్కు పనిచేసిందా? ఆ ఇంట్లో ఎవరూ తేల్చుకోలేదు. కుదుళ్ల దగ్గర నలుపు కనిపించిన రోజు మాత్రం అవ్వ వీధంతా పిలిచి చూపించిందట.

ఈ కథ పిల్లకు తెలీదు. గుండు మొక్కని తెలుసు. నలుపు కోసం మొక్కని ఎవరూ చెప్పలేదు.

పావుగంట

కూతురి పట్టు చూసి తల్లి ఒప్పుకుంది. అయితే ముందు టెస్టు. ఎవరికైనా చేసేదే. చెవి వెనక, పైకి కనిపించని చోట వేలెడు పాయ తీసి, మందు పూసి, ఫాయిల్ చుట్టింది. ఆదివారం మధ్యాహ్నం. షట్టరు సగం దించి ఉంది.

ఐదు నిమిషాలు. ఎరుపు తిరిగింది. పది నిమిషాలు. ఇటుక రంగు. పావుగంటకు ఫాయిల్ విప్పి చూసింది.

రాగి రంగు.

ఇంకో పావుగంట ఉంచితే నారింజ. ఇంకాసేపుంటే పసుపు. వేల తలల మీద చూసిందే. కానీ ఆ తల మీద ఆ రంగు ఆవిడ ఒక్కసారే చూసింది. నంద్యాల ఆస్పత్రి మంచం మీద. చప్పున నీళ్లు పోసి కడిగేసింది.

"ఏందమ్మా, ఇంకా రాలేదు కదా?" అంది కూతురు అద్దంలో చూస్తూ.

"చాలు" అంది తల్లి. కుర్చీలో కూలబడి, అప్పుడు చెప్పింది. గంజి సంగతి, పొడి సంగతి, వీధంతా పిలిచి చూపించిన సంగతి. కూతురు ఏమీ అనలేదు. చాలాసేపటికి, "అవ్వకు ఫోన్ చెయ్యి" అంది. "వచ్చే శనివారం లీవు పెడతా."

ఆళ్లగడ్డలో జూలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దారిలో లారీల రద్దీ. ముందు పోయే ప్రతి బండికీ దిష్టికి నల్లతాడో, నిమ్మకాయ మిరపకాయలో. బెంగళూరు వైపు ఆ తాడును వెంట్రుకలతో పేనతారు. గుళ్లలో తీసిన జుట్టులో పొడుగుది వ్యాపారులకు పోగా, పొట్టిగా మిగిలింది అలా తాడై బంపర్లకు చేరుతుంది. బెంగళూరు కళాకారిణి షీలా గౌడ కన్ను దాని మీద పడింది. 2009 వెనిస్ బినాలేలో 'బిహోల్డ్' పేరుతో ఓ కళాకృతి పెట్టారు. దాదాపు 4 వేల మీటర్ల వెంట్రుకల తాడు. గోడల మీద అల్లుకుని, గుట్టలుగా జారి, దాని మీద వేలాడుతున్న ఇరవై స్టీలు బంపర్లు. ఆ తాడుకు రంగు తీయలేదు. నలుపు నలుపుగానే ఉంది. ఎండలో కూర్చుని జుట్టు పసుపు చేసుకున్న ఆడవాళ్ల ఊరికి మన నల్లజుట్టు అలా వెళ్లింది! ఇప్పుడది లండన్‌లోని టేట్ సంగ్రహంలో ఉంది. వార్హోల్ 50 మార్లిన్లు ఉన్నదీ ఆ టేట్‌లోనే. పసుపు పెట్టుడు జుట్టూ, దాని మూలమైన నలుపూ ఒకే గొడుగు కిందకు చేరాయి.

ఆళ్లగడ్డ శిల్పాల ఊరు. రోడ్డు వారనే షెడ్లు, తెల్లటి దుమ్ము, ఉలి చప్పుడు. ఇక్కడి విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. మామ పని చేసే షెడ్డులో ఆ రోజు నల్లరాతి నరసింహుడు సగంలో ఉన్నాడు. మొహం, కోరలు అయిపోయాయి. జూలు జరుగుతోంది. సన్న ఉలితో ఒక్కో పాయా గీస్తున్నాడు.

"కండ్లు దిద్దేది ఒక పొద్దు పని పాపా. ఈ ఎంటికలే సంపుతాయి. నాలుగు దినాలు పడుతుంది" అన్నాడు మామ.

"సింహం జూలు పచ్చగా ఉంటుంది కదా మామా. నల్లగా చెక్కుతున్నావే?"

"రాయి ఏ రంగుంటే సామి ఆ రంగు" అని, దుమ్ము ఊది మళ్లీ వంగాడు.

అవ్వ తలుపు దగ్గరే నిలబడి ఉంది. మనవరాలు వచ్చిందంటే ముందు జుట్టు తడిమి చూడటం అలవాటు. ఆ రోజూ తడిమింది. చెవి వెనక పాయ చేతికి దొరికింది. వెలుతురులోకి తిప్పి చూసింది. వదిలేసింది. "కాళ్లు కడుక్కోని రా, అన్నం తిందువు" అంది.

మర్నాడు పొద్దున్నే దిగువ అహోబిలం. శనివారం కదా, జనం బాగానే ఉన్నారు. ముందొక పసివాడు, బ్లేడు తగలకముందే ఆరున్నొక్క రాగం. తర్వాత ఓ ముసలాయన. తర్వాత ఈ పిల్ల. తల తడిపి, నడిమికి పాపిట తీసి, రెండు ముడులు వేశాడు తలనీలాలు తీసే ఆయన. రెండు బరువైన నల్లటి ముడులు. ఎడమ ముడిలో రాగి పాయ బయటికి తొంగి చూస్తోంది.

"ఇదేందమ్మా, ఈడ ఎర్రగుంది?"

పిల్ల తల్లి వంక చూసింది. తల్లి అవ్వ వంక చూసింది.

"అదీ సామికే పోనీలే నాయనా" అంది అవ్వ.

గంట పట్టలేదు, పది నిమిషాలు. రెండు ముడులూ పెట్టెలో పడ్డాయి. వ్యాపారి లెక్కలో రంగు తగిలిన పాయ కాస్త తక్కువ రకం. ఏరి పక్కన పడేస్తాడేమో. మిగతాది 1బి. అది ఎక్కడికెళ్తుందో, ఏ నంబరవుతుందో!

పిల్ల చేత్తో తల తడుముకుంది. ఓసారి నవ్వొచ్చింది, ఓసారి ఏడుపొచ్చింది. అవ్వ కొంగు ముడి విప్పి గంధం ఉండ తీసింది. అరచేతిలో నీళ్లు పోసి రంగరించి, బోడిగుండు మీద నుదుటి నుంచి మెడ దాకా పూయడం మొదలుపెట్టింది. పైన ఎండ. గంధం ఆరుతున్నకొద్దీ తల మొత్తం లేత పసుపు రంగు తేలింది. పిల్ల సెల్‌ఫోన్ తీసి, అవ్వ మొహం కూడా పడేట్టు ఫొటో తీసుకుంది. అక్కడే నిలబడి ఆఫీసు స్నేహితురాళ్ల గ్రూపులో పెట్టింది.

"కలర్ చేయించుకున్నా. ఎట్లుంది?"